2,029 గెలుపులు, ఒక్క కప్పూ లేదు: మైక్ మార్టిన్ లెక్క

ఐపీఎల్‌లో బెంగళూరు జట్టు మొదటి కప్పు కొట్టడానికి 18 సీజన్లు పట్టింది. 2025లో ఆ కప్పు వచ్చేదాకా 'ఈ సాలా కప్ నమ్దే' మీద మన వాట్సాప్ గ్రూపుల్లో ఎన్ని జోకులు తిరిగాయో లెక్కలేదు. ఇప్పుడు ఆ 18ని 40 చేసుకోండి. పైగా ఆ జట్టు ఒక్క ఏడాది కూడా చెత్తగా ఆడలేదనుకోండి. ప్రతి సీజన్లో కనీసం 40 ఆటలు గెలిచింది, ప్రతి ఏడూ జాతీయ టోర్నమెంటుకు వెళ్లింది, 17 సార్లు చివరి ఎనిమిది జట్లలో నిలిచింది. కప్పు మాత్రం ఒక్కసారీ రాలేదు. ఆ నలభై ఏళ్లూ కోచ్ ఒక్కరే.

ఆయన పేరు మైక్ మార్టిన్. ఫ్లోరిడా రాజధాని టాలహాసీలో ఉన్న ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీకి 1980 నుంచి 2019 దాకా బేస్‌బాల్ హెడ్ కోచ్. గెలిచినవి 2,029, ఓడినవి 736, సమంగా ముగిసినవి 4. ఆయన రిటైరయ్యేనాటికి అమెరికా కాలేజీ బేస్‌బాల్‌లో ఇన్ని ఆటలు గెలిచిన కోచ్ ఇంకొకరు లేరు. జెర్సీ నంబర్ 11 కాబట్టి దగ్గరివాళ్లు 'ఎలెవెన్' అని పిలిచేవారు. ఆయన గురించి ఎవరు రాసినా రెండో వాక్యానికో మూడో వాక్యానికో 'కానీ' వచ్చేస్తుంది. ఆ 'కానీ'లో ఎంత న్యాయం ఉందో చూడాలంటే, ముందు ఈ కాలేజీ ఆట ఎలా నడుస్తుందో తెలియాలి.

మన కాలేజీల్లో ఆటల బాధ్యత పీడీ గారిది. సెలక్షన్స్ పెట్టి, జట్టును ఇంటర్ కాలేజ్ పోటీలకు తీసుకెళ్లి, సర్టిఫికెట్లు ఇప్పిస్తారు. అమెరికాలో హెడ్ కోచ్ పని అక్కడితో ఆగదు. ఇంకా స్కూల్లో చదువుతున్న కుర్రాళ్లను వెతికి పట్టుకోవాలి. వాళ్ల ఇళ్లకు వెళ్లి అమ్మానాన్నల ముందు కూర్చుని 'మీవాడిని మాకు ఇవ్వండి' అని ఒప్పించాలి. పెళ్లి సంబంధం మాట్లాడినంత పని అది. తర్వాత స్కాలర్‌షిప్ డబ్బు పంచాలి, పిల్లలు పరీక్షలు తప్పకుండా చూడాలి, పూర్వ విద్యార్థుల దగ్గర విరాళాలు తేవాలి. ఇవన్నీ అయ్యాకే మ్యాచ్.

ఆ స్కాలర్‌షిప్ లెక్క బయటివాళ్లకు నమ్మశక్యంగా ఉండదు. మార్టిన్ రిటైరయ్యేనాటికి పెద్ద యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకు 85 పూర్తి స్కాలర్‌షిప్పులు ఉండేవి. బేస్‌బాల్ జట్టుకు 11.7. అప్పటి నియమం ప్రకారం జట్టులో 35 మంది ఉండొచ్చు, అందులో 27 మందికి మించి డబ్బు ఇవ్వకూడదు, ఇచ్చిన ప్రతివాడికీ కనీసం పావు వంతు ఇవ్వాల్సి ఉండేది. అంటే ఎవరికి సగం, ఎవరికి పావు, ఎవరికి మూడో వంతు అన్నది కోచ్ కాగితం మీద భిన్నాలు వేసుకుని తేల్చాల్సి వచ్చేది. ఫ్లోరిడా కోచ్‌లకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉండేది. 1997 నుంచి ఆ రాష్ట్రం లాటరీ ఆదాయంతో 'బ్రైట్ ఫ్యూచర్స్' అనే స్కాలర్‌షిప్ ఇస్తోంది. మంచి మార్కులు వచ్చిన స్థానిక విద్యార్థికి ఫీజులో పెద్ద భాగం అందులోంచే పోయేది, కోచ్ జేబులోని 11.7 అంతవరకు మిగిలేది. కాబట్టి 'మార్టిన్ గొప్ప కోచ్' అనేటప్పుడు 'ఫ్లోరిడాలో కోచ్' అన్న మాట కూడా కలిపి చెప్పాలి.

ఇంకో తలనొప్పి డ్రాఫ్ట్. ప్రొఫెషనల్ జట్లు ఏటా కుర్రాళ్లను వరసగా ఎంచుకునే వేలం లాంటి ప్రక్రియ అది, కాకపోతే ఇక్కడ పాట పాడరు, వంతులు వేసుకుంటారు. స్కూలు పూర్తయిన కుర్రాడిని నేరుగా తీసుకోవచ్చు. వాడు నాలుగేళ్ల కాలేజీలో చేరాడంటే మాత్రం మూడో ఏడు ముగిసేదాకా, లేదా వాడికి 21 నిండేదాకా ముట్టుకోకూడదు. దీని ఫలితం ఏమిటంటే, కోచ్ రెండేళ్లు వెంటపడి ఒప్పించిన పిల్లాడు కాలేజీ గుమ్మం తొక్కకుండానే ప్రొఫెషనల్ లీగుకు పోవచ్చు. తొక్కినవాడు బాగా ఆడితే మూడేళ్లకే పోతాడు. మార్టిన్ ఉన్నన్నాళ్లూ ఆ డ్రాఫ్ట్ జూన్‌లో, సరిగ్గా నాకౌట్ పోటీల వేళకే వచ్చిపడేది. మూడేళ్లకో జట్టు చొప్పున వేసుకున్నా, ఆ నలభై ఏళ్లలో ఆయన సుమారు 13 జట్లను మొదటి నుంచి కట్టాడు. 2,029 అంకె కన్నా నాకు ఇదే పెద్ద విషయంగా కనిపిస్తుంది.

బస్టర్ పోసీ సంగతి చూడండి. 2006లో షార్ట్‌స్టాప్‌గా వచ్చిన కుర్రాడు. మరుసటి ఏడాది క్యాచర్‌గా మార్చారు. క్రికెట్ భాషలో చెప్పాలంటే కవర్స్‌లో నిలబడేవాడికి గ్లవ్స్ ఇచ్చి వికెట్ల వెనక కూర్చోబెట్టడం. 2008లో అతను దేశంలో అత్యుత్తమ కాలేజీ ఆటగాడిగా గోల్డెన్ స్పైక్స్ అవార్డు తీసుకున్నాడు. అదే ఏడాది మేలో ఒక మ్యాచ్‌లో తొమ్మిది స్థానాల్లోనూ ఫీల్డింగ్ చేసి, మధ్యలో గ్రాండ్ స్లామ్ హోమ్‌రన్ (ఒకే దెబ్బకు నాలుగు పరుగులు) కూడా కొట్టాడు. జూన్‌లో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ అతన్ని డ్రాఫ్ట్‌లో ఐదో వంతుకే తీసుకుంది. ఆ జట్టుతో తర్వాత మూడు వరల్డ్ సిరీస్‌లు, అంటే ప్రొఫెషనల్ లీగు కప్పులు, గెలిచాడు. మరి అంతటివాడు ఉన్న 2008 ఫ్లోరిడా స్టేట్ జట్టు చివరి ఎనిమిదిలోకి వెళ్లి ఏం చేసింది? రెండు ఆటలు ఆడి, రెండూ ఓడి ఇంటికొచ్చింది.

ఆ చివరి ఎనిమిది జట్ల పోటీ పేరే కాలేజ్ వరల్డ్ సిరీస్. 1950 నుంచి నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో జరుగుతోంది. కాలేజీ బేస్‌బాల్ వాళ్లు 'ఈసారి ఒమాహా వెళ్తామా?' అంటారు తప్ప టోర్నమెంట్ పేరు పూర్తిగా ఎవరూ పలకరు. మనం 'తిరుపతి వెళ్తున్నాం' అంటే ఎందుకని ఎవరూ అడగనట్టే.

ఒమాహా దారి ఇలా ఉంటుంది. ఫిబ్రవరి మధ్యలో మొదలై మే దాకా 56 లీగ్ ఆటలు. ఎక్కువగా శుక్ర, శని, ఆదివారాలు ఒకే ప్రత్యర్థితో మూడు ఆటలు, వారం మధ్యలో ఒకటి. ఫిబ్రవరిలో ఉత్తరాది మైదానాల మీద మంచు ఉంటుంది కాబట్టి అక్కడి జట్లు దక్షిణాదికి వచ్చి ఆడతాయి. ఫ్లోరిడా స్టేట్‌కు సొంత మైదానంలో, ఎండలో, సొంత జనం ముందు బోలెడు ఆటలు దొరుకుతాయి. 56 అన్న పరిమితి రాకముందు ఇంకా ఎక్కువే ఆడేవారు. 1986లో ఆ జట్టు 61 గెలిచి 13 ఓడింది. ఏడాదికి సగటున 50 గెలుపులు అన్న మార్టిన్ లెక్కలో వాతావరణానికీ వాటా ఉంది. అది ఆయన తప్పూ కాదు, గొప్పా కాదు.

లీగ్ అయ్యాక 64 జట్లు. నాలుగేసి చొప్పున 16 చోట్ల ఆడతాయి, రెండు ఓడితే ఇంటికే. గెలిచిన 16 జట్లు జతలుగా మూడు ఆటల పోరు. మిగిలిన ఎనిమిది ఒమాహాకు. అక్కడ మళ్లీ నాలుగు, నాలుగు రెండు గుంపులు, మళ్లీ రెండు ఓటముల నియమం, చివర ఇద్దరు విజేతల మధ్య మూడు ఆటల ఫైనల్. ఒమాహాలోనే కనీసం ఐదు ఆటలు గెలవాలి.

బేస్‌బాల్‌లో ఒక ఆట ఎంత జారుడుదో క్రికెట్ చూసే మనకు సులువుగా అర్థం కాదు. మార్టిన్ జట్టు నాలుగింట దాదాపు మూడు గెలిచింది. అంత గట్టి జట్టు కూడా నాలుగో ఆట ఓడిందన్నమాట, ఎక్కువసార్లు తనకన్నా బలహీనమైన జట్ల చేతుల్లోనే. ఒక పిచర్ (బంతి విసిరేవాడు) చేయి ఆ రోజు బాగా తిరిగితే తొమ్మిది మంది మహామహులు కూడా చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే. 56 ఆటల లీగ్‌లో ఈ జారుడు సర్దుకుపోతుంది. రెండు ఓటములతో ముగిసే పోటీలో అదే రాజ్యమేలుతుంది.

నేనొక చిన్న లెక్క వేసి చూశాను. ఒమాహా చేరిన ఎనిమిది జట్లూ సమాన బలం అనుకుందాం. ప్రతిసారీ కప్పు రాకపోయే అవకాశం ఎనిమిదిలో ఏడు వంతులు. దాన్ని 17 సార్లు హెచ్చిస్తే సుమారు 10 శాతం వస్తుంది. అంటే ఏ లోపమూ లేని పదిమంది కోచ్‌లను 17 సార్లు ఒమాహా పంపితే, వాళ్లలో ఒకరు ఖాళీ చేతులతో తిరిగొస్తారు. 10 శాతం అంటే తక్కువే, కానీ అద్భుతమేమీ కాదు. 'ఆయనకు పెద్ద ఆట గెలవడం రాదు' అని తీర్పు చెప్పేవాళ్లు ఈ పదో మనిషిని మర్చిపోతారు.

ఇక్కడితో ఆపేస్తే మార్టిన్‌ను నిర్దోషిగా వదిలేసినట్టే. కానీ నా లెక్కకు ఒక అడ్డం ఉంది, పేరు స్కిప్ బెర్ట్‌మన్. లూసియానా స్టేట్ యూనివర్సిటీకి 1984 నుంచి 2001 దాకా 18 సీజన్లు కోచ్. గెలుపులు 870, మార్టిన్ లెక్కలో సగం కూడా లేవు. ఒమాహాకు 11 సార్లు వెళ్లాడు, ఐదు కప్పులు తెచ్చాడు: 1991, 1993, 1996, 1997, 2000. నా లెక్క ప్రకారం 11 సార్లకు ఒకటో, ఒకటిన్నరో రావాలి. ఐదు వచ్చాయంటే అంతా అదృష్టం అనడం కష్టం.

తేడా ఆట తీరులో ఉందన్న వాదన ఒకటి ఉంది. కాలేజీ వాళ్లు 1974 నుంచి లోహపు బ్యాట్లు వాడుతున్నారు, ప్రొఫెషనల్స్ వాడేది కర్రవి. 1990ల్లో ఆ లోహపు బ్యాట్లు మరీ శక్తిమంతమై బంతి తగిలితే చాలు గోడ దాటేది. బెర్ట్‌మన్ సరిగ్గా దాన్నే పట్టుకున్నాడు. బలమైన కుర్రాళ్లను తెచ్చి, 1997లో ఒక్క సీజన్లో 188 హోమ్‌రన్లు కొట్టించాడు, అది రికార్డు. మార్టిన్ జట్ల తీరు వేరు. వాళ్లు ఓపిక పట్టేవాళ్లు. బేస్‌బాల్‌లో పిచర్ నాలుగు బంతులు హద్దు బయట వేస్తే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కు (పరుగు కోసం చుట్టిరావాల్సిన నాలుగు మజిలీల్లో మొదటిదానికి) నడిచిపోవచ్చు, దాన్ని వాక్ అంటారు. చెడ్డ బంతిని వదిలేయడం, పిచర్‌ను అలసిపోయేలా చేయడం, ఒకరి తర్వాత ఒకరు బేసుల మీద నిలబడటం ఫ్లోరిడా స్టేట్‌కు చాలా ఏళ్లు గుర్తింపుగా మారింది. టెస్టుల్లో ఆఫ్ స్టంప్ బయటి బంతిని వదిలి వదిలి బౌలర్‌ను విసిగించే మన పాత ఓపెనర్ల పద్ధతి అనుకోండి.

మంగళవారం రాత్రి ఒక చిన్న కాలేజీ మూడో నంబర్ పిచర్ మీద ఈ ఓపిక బంగారం. వాడు తడబడతాడు, వాకులు ఇస్తాడు, పరుగులు వాటంతటవే వస్తాయి. ఒమాహాలో ఎదురయ్యేది దేశంలోని మేటి చేతులు. ఆటకూ ఆటకూ మధ్య విశ్రాంతి రోజులు ఉంటాయి కాబట్టి ఒకే గొప్ప పిచర్‌ను వారంలో రెండుసార్లు దించవచ్చు. అలాంటివాడు బంతులు బయట వేయడు. అప్పుడు ఓపిక ఒక్కటే సరిపోదు, బంతిని కొట్టాలి. విమర్శకుల మాట ఇదే, నాకూ ఇందులో కొంత నిజం కనిపిస్తుంది. కొంతే. ఎందుకంటే లోహపు బ్యాట్ల శక్తికి 1990ల చివర్లోనూ, మళ్లీ 2011లోనూ నిబంధనలతో కళ్లెం వేశారు, దాంతో హోమ్‌రన్లు కొట్టి కప్పు తెచ్చే దారి అందరికీ ఇరుకైంది. ఆ తర్వాత కూడా మార్టిన్‌కు కప్పు రాలేదు కదా అంటే, అక్కడ మళ్లీ ఆ పదో మనిషి లెక్కే.

ఆయన కప్పుకు అత్యంత దగ్గరగా వెళ్లింది రెండుసార్లు. 1986 ఫైనల్లో అరిజోనా చేతిలో 10-2 తేడాతో ఓడారు, దాని గురించి బాధపడటానికి పెద్దగా ఏమీ లేదు. 1999 మాత్రం వేరు. ఆ ఏడు మార్షల్ మెక్‌డూగల్ అనే ఆటగాడు మేరీలాండ్ మీద ఒకే ఆటలో ఆరు హోమ్‌రన్లు కొట్టాడు, 16 పరుగులు రాబట్టాడు. ఫైనల్లో ఎదురైంది సొంత రాష్ట్రపు ప్రత్యర్థి మయామి. 6-5తో ఓటమి. ఓడిన జట్టులో ఉండి కూడా మెక్‌డూగల్ ఆ టోర్నమెంట్ ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆ రోజుల్లో, అంటే 1988 నుంచి 2002 దాకా, ఫైనల్ ఒక్క ఆటే. మూడు ఆటల ఫైనల్ 2003లో వచ్చింది. నాలుగేళ్లు ముందే వచ్చి ఉంటే అని టాలహాసీలో అనుకోనివాళ్లు ఉండరు.

పొరుగువాళ్ల గోల ఇంకోటి. మయామికి నాలుగు కప్పులున్నాయి. 2017లో ఫ్లోరిడా స్టేట్ కూడా ఒమాహాలో ఉంది, కప్పు మాత్రం అదే రాష్ట్రంలోని యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడా ఎత్తుకుపోయింది. పక్కింటివాడి పిల్లాడికి ర్యాంకు వచ్చిన రోజు మనింట్లో ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు.

మరి నలభై ఏళ్లు ఒకే చోట ఎలా ఉంచారు? మార్టిన్ ఆ ఊరికి బయటినుంచి తెచ్చిన మనిషి కాదు. 1944లో నార్త్ కరోలినాలో పుట్టినా, ఫ్లోరిడా స్టేట్‌లోనే చదివి, 1965లో ఆటగాడిగా ఒమాహా వెళ్లాడు. కొన్నేళ్లు మైనర్ లీగుల్లో, అంటే కింది స్థాయి ప్రొఫెషనల్ పోటీల్లో ఆడి, పైకి వెళ్లలేక తిరిగొచ్చాడు. టాలహాసీ కమ్యూనిటీ కాలేజీలో బాస్కెట్‌బాల్ కోచ్‌గా పనిచేసి, 1975లో తన పాత యూనివర్సిటీకి అసిస్టెంట్‌గా చేరాడు. 1979లో అక్కడ హెడ్ కోచ్ డిక్ హౌజర్. ఆయన ఒక్క సీజన్ చేసి ప్రొఫెషనల్ జట్టు న్యూయార్క్ యాంకీస్‌కు మేనేజర్‌గా వెళ్లిపోయాడు. ఖాళీ అయిన కుర్చీలో మార్టిన్ కూర్చున్నాడు, 2019 దాకా లేవలేదు. స్టేడియానికి హౌజర్ పేరు ఉంటే, దాని లోపలి మైదానానికి 2005లో మార్టిన్ పేరు పెట్టారు.

అమెరికా కాలేజీ క్రీడల్లో కప్పు తేని కోచ్‌ను పంపేయడం మామూలే. ఈయన్ను పంపకపోవడానికి నాకు తోచిన కారణం ఒకటే: పంపడానికి ఒక్క చెడ్డ ఏడాదైనా కావాలి కదా, అది ఆయన ఇవ్వలేదు. నలభైలో నలభై సార్లు జాతీయ టోర్నమెంటుకు అర్హత. నిరాశ ఉండేది జూన్‌లో రెండు వారాలే. మళ్లీ ఫిబ్రవరి వచ్చేసరికి జట్టు గెలుస్తూనే ఉండేది.

2018 మేలో క్లెమ్సన్ మీద 1,976వ గెలుపుతో ఆగీ గరీడో రికార్డు దాటాడు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌కూ, తర్వాత టెక్సస్‌కూ కలిపి ఐదు కప్పులు తెచ్చిన గరీడో అప్పటికి రెండు నెలల కిందే, మార్చిలో చనిపోయాడు. 2019 మార్చి 9న 2,000వ గెలుపు. అదే చివరి సీజన్ అని మార్టిన్ ముందే ప్రకటించాడు. ఆ ఏడే జట్టు మధ్యలో తడబడి, టోర్నమెంటులో చోటు దొరుకుతుందా లేదా అన్న టెన్షన్ చివరిదాకా నడిచింది. చోటు అంచుమీద దొరికింది. అక్కడి నుంచి జార్జియాను దాని సొంత మైదానంలో, తర్వాత లూసియానా స్టేట్‌ను దాని సొంత మైదానంలో ఓడించి ఒమాహా చేరారు. మొదటి ఆటలో అర్కన్సా మీద 1-0 గెలుపు. తర్వాత మిషిగన్ చేతిలో 2-0, టెక్సస్ టెక్ చేతిలో 4-1 ఓటమి. మూడు ఆటల్లో జట్టు చేసిన పరుగులు రెండు. పైన చెప్పిన విమర్శకుల వాదనకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అంటారా, నిజమే. కానీ మూడు ఆటలే కదా అని కూడా అనొచ్చు.

ఆ ఏడు కప్పు గెలిచింది వాండర్‌బిల్ట్. ఉత్తమ ఆటగాడు మొదటి సంవత్సరం పిచర్ కుమార్ రాకర్, తల్లి వైపు భారత మూలాలున్న కుర్రాడు. 2018లో స్కూలు నుంచే అతన్ని కొలరాడో జట్టు 38వ రౌండ్లో తీసుకుంటే కాదని కాలేజీలో చేరాడు. డ్రాఫ్ట్ లెక్కలో అలాంటి ఒక్క కుర్రాడు ఎవరి వైపు మొగ్గుతాడన్న దాని మీదే కప్పు ఏ ఊరికి వెళ్తుందో తేలిపోతుంది.

మార్టిన్ తర్వాత ఆయన కొడుకు మైక్ మార్టిన్ జూనియర్ హెడ్ కోచ్ అయ్యాడు, మూడు సీజన్ల తర్వాత 2022లో యూనివర్సిటీ ఆయన్ను తప్పించింది. వచ్చినవాడు లింక్ జారెట్, 1990ల్లో మార్టిన్ దగ్గర షార్ట్‌స్టాప్‌గా ఆడినవాడే. 2023లో జారెట్ మొదటి జట్టు గెలిచినవాటికన్నా ఓడినవే ఎక్కువ. నలభై ఏళ్లపాటు ఊరు మామూలుగా తీసుకున్నది ఎంత అరుదైనదో ఆ ఒక్క ఏడాదిలో అందరికీ కనిపించింది.

మార్టిన్ 2024 ఫిబ్రవరి 1న, 79 ఏళ్ల వయసులో, లూయీ బాడీ డిమెన్షియా అనే మతిమరుపు వ్యాధితో చనిపోయాడు. రెండు వారాలకు సీజన్ మొదలైంది. జూన్‌లో జారెట్ జట్టు ఒమాహా చేరింది. యూనివర్సిటీకి అది 24వ సారి, కప్పు లేకుండా అన్నిసార్లు వెళ్లిన కాలేజీ ఇంకొకటి లేదు. మొదటి ఆట టెన్నెసీతో. చివరి ఇన్నింగ్స్‌లోకి వచ్చేసరికి ఫ్లోరిడా స్టేట్ 11-8తో ముందుంది. టెన్నెసీ నాలుగు పరుగులు చేసి 12-11తో గెలిచింది, ఆ ఏడు కప్పు కూడా వాళ్లదే.